గుమ్మం దాటిన బిళ్ళ

హాల్లో అక్కడక్కడా బిళ్ళలు వెలుగుతున్నాయి. ఆ బిళ్ళని కనిపెట్టినవాడి బిళ్ళ మాత్రం వెలగలేదు.

భీమవరంలో జరుగుతున్న రొయ్యల శాస్త్రవేత్తల సదస్సు అది. వేదిక మీద మాట్లాడుతున్నది డాక్టర్ మంగతాయారు. ముందు వరసల్లో కూర్చున్న ఆమె భర్త త్రినాథ్, చుట్టం కోసం బస్సు వచ్చే దారివంక చూసేవాడిలా, తన చొక్కాకి తగిలించుకున్న బిళ్ళవంక మాటిమాటికీ చూసుకుంటున్నాడు. రూపాయి కంటే కాస్త పెద్దది, గాజుముక్కలాంటిది. దాని పేరు ఆనవాలు. వేదిక మీద ఎవరైనా ఒక ఆలోచన చెబితే, అది వాళ్ళ చెవిన అంతకుముందు ఎవరు వేశారో వాళ్ళ బిళ్ళ పసుపుపచ్చగా వెలుగుతుంది. దాని పని అంతవరకే.

తాయారు చెరువు అడుగున పేరుకునే బురద గురించి చెప్పింది. వెనక వరసలో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి బిళ్ళ వెలిగింది. ఆ పిల్ల సిగ్గుతో దాన్ని అరచేత్తో కప్పుకుంది. మేత వేసే వేళలు మార్చడం గురించి చెప్పింది. ఉండి ఊరి నుంచి వచ్చిన రైతు బిళ్ళ వెలిగింది. ఆయన దాన్ని పక్కవాడికి చూపించుకున్నాడు. తరవాత రొయ్య కుబుసం విడిచే వేళ గురించి మొదలుపెట్టింది. గోడవారగా ఒంటరిగా కూర్చున్న నెల్లూరు శాస్త్రవేత్త కృపాకర్ బిళ్ళ వెలిగింది. ఆరి, మళ్ళీ వెలిగింది. ఆ తరవాత చాలాసేపు వెలుగుతూనే ఉంది.

తాయారుతో కాపురం చేస్తున్నది త్రినాథ్. ఆమె మాటల్లో వెలుగుతున్నది నెల్లూరు కృపాకర్.

చప్పట్లు మోగినప్పుడు త్రినాథ్ కూడా కొట్టాడు. కొడుతుంటే అరచేతులు తనవి కానట్టు అనిపించింది.

అసలు ఈ బిళ్ళ పుట్టిందే తాయారు కోసం. త్రినాథ్ చదివింది ఎలక్ట్రానిక్సు. రొయ్యల పరిశోధన కేంద్రంలో అతని పని చెరువులకి చెవులు కట్టడం. నీటి అడుగున రొయ్యలు మేత నములుతుంటే టిక్కుటిక్కుమని చప్పుడవుతుంది. ఆ చప్పుడు విని, ఆకలి ఎంతుందో కనిపెట్టి మేత జల్లే యంత్రం అతనిదే. చెరువుకి చెవి పెట్టినవాడు మనుషుల మధ్య చెవి పెట్టాలని అనుకోవడానికి కారణం ఒక శాలువా.

అప్పట్లో సదస్సులంటే పెళ్ళిళ్ళకి తక్కువ, సంతాపసభలకి ఎక్కువ అన్నట్టుండేవి. జ్యోతి వెలిగించడం, పెద్దల ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు. పరిశోధన మాట్లాడే కుర్రవాళ్ళకి దక్కేది భోజనాలకి ముందు చివర మిగిలిన కాసింత సమయం. అధ్యక్షుడి చేతిలో గంట. నాలుక తడబడే కృపాకర్ లాంటివాడు మొదటి వాక్యంలోంచి బయటపడేలోపే ఆ గంట మోగేది. ఆడవాళ్ళకి పళ్ళేలు పట్టుకునే పని ఉండనే ఉంది. అలాంటి ఒక సభలో డైరెక్టరు గారు వేదికెక్కి, తాయారు ఆయన గదిలో కూర్చుని వివరించిన ఆలోచనని అక్షరం పొల్లుపోకుండా తనదిగా చెప్పాడు. దానికి సన్మానం. శాలువా పళ్ళెం పట్టుకుని వేదిక మీద నిలబడ్డది తాయారే. తన ఆలోచనకి తనే శాలువా అందించి, మెట్లు దిగి, వెనక వరసలో కూర్చుంది.

ఆ రోజు ఇంటికొచ్చాక ఆమె ఏడవలేదు. చింతపండు పిసుకుతూ, "మనిషి చచ్చాక పేరు పెడతారేమోగానీ, మాటకి పుట్టినప్పుడే పేరు పెట్టాలండీ," అంది. ఆ ఒక్క మాట పట్టుకుని త్రినాథ్ ఏళ్ళ తరబడి పాకులాడాడు. మాట కాదు, మాట వెనకున్న ఆలోచనని గుర్తుపట్టే యంత్రం చేశాడు. ఒకడు చెప్పినదాన్ని ఇంకొకడు ఎంత తిప్పి చెప్పినా, భాష మార్చి చెప్పినా ఆనవాలు పట్టేస్తుంది. దాన్ని ఎవరూ, ఆఖరికి తను కూడా, తారుమారు చెయ్యడానికి వీల్లేకుండా బిగించేశాడు. అది అతని గర్వం.

బిళ్ళలు వచ్చిన మొదటి ఏడాది సభ తీరే మారిపోయింది. శాలువాలు పోయాయి, గంట పోయింది. చంటిపిల్లల తల్లుల కోసం పక్కన గది పెట్టారు. ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకోవచ్చన్నారు. డైరెక్టరు గారు అలవాటు ప్రకారం నోరు తెరిచారు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ హాలు దీపావళి నాటి వీధిలా ఉంది. ఆయన బిళ్ళ ఒక్కటే అమావాస్య. "మన డైరెక్టరు గారు మాట్లాడితే కరెంటు బిల్లు ఎవరు కడతారండీ బాబూ," అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఆయన ఆ సాయంత్రమే ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టాడు.

ఆ రోజున త్రినాథ్ ఇంటి గుమ్మం పక్కన ఒక మేకు కొట్టాడు. చెప్పులు విడిచేచోట బిళ్ళలు కూడా విడిచెయ్యాలని, గుమ్మం లోపల ఆనవాలు వినకూడదని అతనే నియమం పెట్టాడు. దేశంలో ఆనవాలు వాడే ప్రతి ఇంటికీ అదే నియమం అతని పేరు మీదే వెళ్ళింది. "మొగుడూ పెళ్ళాల మధ్య ఎవరి మాట ఎవరిదని లెక్కలొస్తే, అది కాపురం కాదు తాయారూ, పంచాయితీ," అన్నాడు. తాయారు నవ్వి, తన బిళ్ళని మొదట తనే మేకుకి తగిలించింది.

అందుకే ఈ ఏడాది తన బిళ్ళ వెలగకపోవడంలో వింతేమీ లేదని అతనికి తెలుసు. వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది ఇంట్లోనే. ఇంట్లో మాట ఆనవాలుకి వినపడదు. బుర్రకి ఈ లెక్క తెలుసు. కడుపుకి తెలియదు.

కారులో ఇంటికి వెళ్తున్నంతసేపూ తాయారు ఉత్సాహంగానే ఉంది. కృపాకర్ గారు పెద్ద మనిషని, కుబుసం విడిచిన రొయ్యే ముందు జబ్బున పడుతోందని ఆయన ఎన్నాళ్ళనుంచో చెబుతుంటే ఒక్కరూ కూర్చుని వినలేదని అంది. మాట పూర్తయ్యేదాకా ఆగితే చాలట, బంగారం రాలుతుందట.

"ఎంతసేపు ఆగుతావేంటి?" అన్నాడు త్రినాథ్.

"టీ చల్లారేదాకా."

"ఇంట్లో నేను మాట్లాడితే మధ్యలోనే అందుకుంటావు."

తాయారు అతనివైపు చూసింది. సరదాకి అన్నాడేమోనని నవ్వబోయి, ముఖం చూసి మానేసింది.

ఆ తరవాతి నెలల్లో బిళ్ళ మనుషుల్ని ఇంకోలా మార్చడం మొదలుపెట్టింది. కొందరు కనబడినవాడినల్లా పట్టుకుని తమ ఆలోచనలు చెవిలో పోసేవారు. రేపెప్పుడైనా వాడు వేదికెక్కితే మన దీపం వెలుగుతుందని ఆశ. ఆకుమడిలో విత్తనం చల్లినట్టు చల్లడమే. మరికొందరు దానికి విరుగుడు కనిపెట్టారు. టీ వేళకి చెవుల్లో దూది పెట్టుకొచ్చేవారు. ఎవరైనా నోరు తెరిస్తే, "నాకు చెప్పకండి మహప్రభో, రేపు నాకొచ్చిన ఆలోచనకి కూడా మీ దీపం వెలుగుతుంది," అని కప్పు పట్టుకుని పక్కకి పోయేవారు. ఒకప్పుడు తాపేశ్వరం కాజా కొరుకుతూ కొట్టుకున్నంత పని చేసే మనుషులు, ఇప్పుడు ఎవరి కాజా వాళ్ళు గోడవైపు తిరిగి తింటున్నారు. ఇంకొకటి కూడా పోయింది. వేదిక మీద ఎవరూ ఎవరికీ కృతజ్ఞతలు చెప్పడం లేదు. వెలుగుతోందిగా, మళ్ళీ నోటితో చెప్పడమెందుకు అనుకున్నారు.

మార్పు రానిది కృపాకర్‌లోనే. అడిగినవాడికీ అడగనివాడికీ చెబుతూనే ఉన్నాడు. అలా అందరికీ పంచిపెట్టేస్తే ఎలాగని తాయారు ఒకసారి అడిగితే, "నా మా... మాట ఆఖరిదాకా వినేవాడు దొరికితే అదే నాకు పం... పండగ మేడమ్. దీపం ఎ... ఎవురికి వెలిగితే ఏముండాది," అన్నాడట. తాయారు ఈ మాట ఇంటికొచ్చి మురిసిపోతూ చెప్పింది. త్రినాథ్ కంచంలో అన్నం కెలికి లేచిపోయాడు. మంచివాడి మీద అసూయపడటమంత నరకం లేదు. చెడ్డవాడైతే కనీసం తిట్టుకుని పడుకోవచ్చు.

ఆ మర్నాటినుంచి త్రినాథ్ మేకుకి ఖాళీ గాజుబిళ్ళ తగిలించి, అసలు బిళ్ళని చొక్కా లోపలి జేబులో పెట్టుకుని గుమ్మం దాటడం మొదలుపెట్టాడు.

ఇక ఇంట్లో అతని మాటతీరు మారిపోయింది. వంటింటి గడపలో నిలబడి, గొంతు సవరించుకుని, "తాయారూ, చెరువు నీటిలో ఉప్పదనం హెచ్చుతగ్గులకీ రొయ్య కదలికలకీ సంబంధం ఉండవచ్చునని నా అభిప్రాయం," అనేవాడు. పప్పు తాలింపు పెడుతూ ఆమె "ఊఁ" అనేది. ఆ ఊఁ అతనికి చాలేది కాదు. ఆమె ఆ ఆలోచనని వాడుకోవాలి, వేదిక మీద చెప్పాలి. రోజుకో విత్తనం చల్లుతున్నాడు. ఒక్కటీ మొలిచినట్టు లేదు.

"ఏంటండీ ఈ మధ్య రేడియోలో వ్యవసాయదారుల కార్యక్రమంలా మాట్లాడుతున్నారు," అని ఒకరోజు అడిగింది. "ఇదివరకు ఉప్పెక్కువైందనో, పక్కింటాయన కుక్క మొరుగుతోందనో చెప్పేవారు. అది బాగుండేది."

ఇంతలో ఎండాకాలం మీదపడింది. దానితోపాటే జబ్బు వచ్చింది. ఆకివీడు వైపునుంచి మొదలై ఒక్కో చెరువూ తుడిచిపెట్టుకుపోతోంది. రొయ్యలు గట్టువారకి వచ్చి, ఎర్రబడి, వెల్లకిలా పడిపోతున్నాయి. నీళ్ళు మార్చినా, మందులు కొట్టినా ఆగడం లేదు. ఒక చెరువులో కుబుసం విడిచే అదను వచ్చిందంటే వారం తిరిగేసరికి మొత్తం పోతోంది. జబ్బు ఒకదాన్నుంచి ఇంకోదానికి ఏ దారిన వెళ్తోందో దొరకడం లేదు. తాయారు పగలల్లా గట్ల మీదే ఉండేది.

అలాంటి ఒక మధ్యాహ్నం త్రినాథ్ చెమటతో తడిసి ఇంటికి వచ్చాడు. కరెంటు లేదు. ఒళ్ళంతా చెమటకాయలు. కసిగా చొక్కా విప్పి కుర్చీ మీద పడేశాడు. బిళ్ళ సంగతి ఆ క్షణంలో అతని మనసులో లేదు. ఆమె కూడా అప్పుడే వచ్చి, మంచినీళ్ళు తాగుతూ ఆ చొక్కా తీసి భుజాన వేసుకోబోయింది.

"అది ముట్టుకోకు తాయారూ. నా చెమటకాయలు నీకూ అంటుకుంటాయి," అన్నాడు. ఆ వెంటనే నవ్వుతూ, "మీ రొయ్యలు నయం. విప్పిన చొక్కా ఉతికే పని లేకుండా తినేస్తాయి," అన్నాడు.

తాయారు చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. కాసేపు ఆ చొక్కావంకే చూసింది. తరవాత గ్లాసు కింద పెట్టి, చెప్పులు వేసుకుని మళ్ళీ చెరువులకి వెళ్ళిపోయింది. అన్నం కూడా తినలేదు. త్రినాథ్ అనుకున్నది ఒక్కటే. కృపాకర్ ఫోన్ చేసి ఉంటాడు.

ఆపై ఆమె, కృపాకర్ కలిసి తొట్టెల్లో ప్రయోగాలు పెట్టారు. జబ్బు రొయ్య కుబుసాన్ని మంచి రొయ్యలకి మేతగా వేసి చూశారు. కుబుసం తీసేసిన తొట్టెలో జబ్బు రాలేదు, వదిలేసిన తొట్టెలో వచ్చింది. నీరు కాదు, గాలి కాదు, ఒకటి విడిచిన తొడుగుని ఇంకొకటి తినడం. ఆ అదనులో కుబుసాలు వలవేసి తోడేస్తే చెరువు నిలుస్తోంది. పాలకోడేరులో ఒక రైతు చెరువు అలా నిలిచింది. ఈ సంగతి రాబోయే సదస్సులో చెప్పాలని తాయారు సిద్ధమవుతోంది. కృపాకర్ ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. అతని తడబాటు మాట గది బయటికి వినబడుతుంటే, దాని మధ్యలో తాయారు ఓపికగా ఊరుకునే మౌనాన్ని త్రినాథ్ చెవులు రిక్కించి వినేవాడు. తిట్లకంటే ఆ మౌనమే అతన్ని కాల్చింది.

సదస్సుకి కాస్త ముందు ఇంకొకటి చూశాడు. పెరట్లో ఆరేసిన బట్టల దండెం ముందు నిలబడి తాయారు ఫోన్‌తో ఫొటో తీస్తోంది. అతన్ని చూసి ఫోన్ కొంగుచాటుకి తీసుకుంది. పెళ్ళైన కొత్తలో నవ్వినట్టు నవ్వింది.

"ఏం ఫొటో?"

"మీకెందుకు? సభలో చూద్దురుగాని."

సభలో చూసేదైతే ఇప్పుడు దాచడమెందుకు? ఆ నవ్వు ఎవరి కోసమో అతను అప్పుడే తేల్చేసుకున్నాడు.

సదస్సు రోజు హాలు కిక్కిరిసింది. చెరువులు పోగొట్టుకున్న రైతులు గోడలవెంట నిలబడ్డారు. తాయారు నెమ్మదిగా మొదలుపెట్టింది. కుబుసం విడిచిన రొయ్యే ముందు పడుతోందన్నప్పుడు కృపాకర్ బిళ్ళ వెలిగింది. ఆయన ఇబ్బందిగా తల దించుకున్నాడు. త్రినాథ్ పళ్ళు బిగించాడు. తను చల్లిన ఉప్పదనాలు, కదలికలు ఒక్కటీ ఆమె నోట రాలేదు. ప్రసంగం చివరికి వస్తోంది.

"జబ్బు నీళ్ళలో లేదు," అంది తాయారు. "విప్పి పడేసిన చొక్కాలో ఉంది. ఒకటి విప్పిన చొక్కాని ఇంకొకటి తినడమే దాని దారి."

త్రినాథ్ బిళ్ళ భగ్గున వెలిగింది.

అలాంటి వెలుగు ఇంతవరకూ ఎవరూ చూడలేదు. పక్క కుర్చీల్లోవాళ్ళ ముఖాలు పసుపుగా మారాయి. మూలమాట అతనిదేనన్నమాట. హాలంతా లేచి అతనివైపు తిరిగి చప్పట్లు కొట్టింది. రైతులు చేతులెత్తి దణ్ణం పెట్టారు. కృపాకర్ గోడ దగ్గరనుంచి వడివడిగా వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. ఏడాది పొడుగునా కోరుకున్నది ఒడిలో వచ్చి పడింది. త్రినాథ్ నవ్వాడు. నవ్వుతూనే వేదికవంక చూశాడు.

తాయారు చప్పట్లు కొట్టడం లేదు. ఆ బిళ్ళవంక చూస్తోంది. ఆ మాట అతను అన్నది ఒక్కసారి, ఇంట్లో, కుర్చీ పక్కన. అప్పుడు మేకుకి రెండు బిళ్ళలు వేలాడుతుండటం ఆమె కళ్ళారా చూసింది. ఆ సంగతి ఇంత పెద్ద హాల్లో ఇద్దరికే తెలుసు.

చప్పట్లు ఆగాక ఆమె వెనక తెర మీద చివరి బొమ్మ వచ్చింది. పెరటి దండెం, దాని మీద ఆరేసిన అతని చొక్కా. చంకల్లో చెమట మరకలు కూడా కనబడుతున్నాయి. ఆనవాలు వినని మాటకి నోటితో పేరు పెట్టడానికి ఆమె దాచుకున్న బొమ్మ అది. సభల్లో జనం మరచిపోయిన పని.

ఆమె దాన్ని ఒక్క క్షణం ఉండనిచ్చి, ఆర్పేసింది.

"నేను చెప్పవలసింది ఇంకొకటి ఉండేది," అంది మైకులో. "అవసరం లేదు. వెలిగిందిగా."

జనానికి అదీ మెప్పుగానే వినబడింది. మళ్ళీ చప్పట్లు కొట్టారు.

ఇద్దరూ ఇంటికి వచ్చారు. గుమ్మం దగ్గర త్రినాథ్ చెప్పులు విడిచాడు. జేబులో దాచిన ఖాళీ గాజుబిళ్ళని అవతల పారేసి, ఆమె చూస్తుండగానే, చొక్కాకున్న అసలుది తీసి మేకుకి తగిలించాడు. కృపాకర్ మీద, బిళ్ళ మీద, తన కడుపులో మంట మీద ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. తాయారు ఆగింది. టీ చల్లారేదాకా ఆగినట్టే, ఓపికగా, చాలాసేపు ఆగింది. ఈసారి మధ్యలో అందుకోలేదు. అతనికి మాట రాలేదు.

ఆమె చెప్పులు విడిచి, చీరకున్న బిళ్ళతోనే గుమ్మం దాటింది.

"బిళ్ళ తియ్యలేదు తాయారూ," అన్నాడు.

"ఉండనివ్వండి. పంచాయితీ ఇంట్లోకి వచ్చాక బయట మేకెందుకు?"

వంటింట్లోకి వెళ్ళి, గడపవైపు తిరిగి, గొంతు సవరించుకుని, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది. పులుసు పొయ్యి పక్కన ఉందని, అన్నం వేడిగానే ఉందని, ఆకలైనప్పుడు వడ్డించుకోవచ్చునని. వేదిక మీద చదివినట్టే చెప్పింది. ఉప్పెక్కువైందని గానీ, పక్కింటాయన కుక్క మొరుగుతోందని గానీ అనలేదు. కుక్క మాత్రం మొరుగుతూనే ఉంది.

గుమ్మం పక్కన మేకుకి ఒక్క బిళ్ళే వేలాడుతోంది.